అటు పది, ఇటు మూడు

జాన్ బాబు నాకు కత్తి నూరడం నేర్పుతాడు. తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. నేనా, ముప్ఫై ఏళ్ళుగా అనకాపల్లి చోడవరం రోడ్డులో సెలూను నడుపుతున్న సత్తియ్యని. వాడా, టెలిఫోన్ ఆఫీసులో స్తంభాలెక్కి వైర్లు కలుపుకునే మనిషి. తన గడ్డం తాను ప్లాస్టిక్ రేజరుతో గీక్కుని, మెడ నిండా పొక్కులు తెచ్చుకుని, పటిక ముక్క ఉందా బావా అని మళ్ళీ నా దగ్గరికే వస్తాడు. అలాంటివాడు నా ముందు కూచుని, కాగితం చూసి చదువుతూ, కత్తిని రాయి మీద ఎలా ఆనించాలో చెప్తుంటే ఎవరికైనా ఒళ్ళు మండదా?

వాడూ నేనూ ఏడో తరగతి దాకా మునిసిపల్ స్కూల్లో ఒకే బెంచీ మీద కూచున్నాం. తరవాత నేను మా నాన్న పొది అందుకుని కుర్చీ వెనకాల నిలబడ్డాను. వాడు పది పాసై ఉద్యోగంలో చేరాడు. వాళ్ళు ఆదివారం చర్చికి వెళ్తారు, మేం నూకాలమ్మకి మొక్కుతాం. అయినా చిన్నప్పట్నించీ బావా అంటే బావా. అందుకని వాడి మీద నాకున్న విసుగు పరాయివాడి మీద విసుగు కాదు, ఇంట్లోవాళ్ళ మీద ఉండే విసుగు. అది అంత తేలిగ్గా పోదు.

ఈ జపాన్ కత్తుల పిచ్చి వాడికి రెండువేల అయిదులో పట్టింది. ఆ ఏడే వాళ్ళ ఆఫీసుకి ఇంటర్నెట్ వచ్చింది. మిగతావాళ్ళు ఆ పెట్టె ముందు కూచుని పిల్లల రిజల్ట్సు చూసుకున్నారు. వీడు పాత క్షవరం కత్తుల వేలంపాట చూశాడు. ఎక్కడో జపాన్‌లో ఒక ముసలి మంగలి పోతే, ఆయన కత్తులు మనవలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెడతారట. ప్రపంచంలో ఉన్న తిక్కవాళ్ళంతా అర్ధరూపాయి అర్ధరూపాయి పెంచుకుంటూ పాట పాడతారట. మా వాడూ పాడాడు. రెండు నెలలకి పోస్టులో ఒక పొట్లం వచ్చింది.

నా కొట్లోనే విప్పాడు. అప్పుడు కొట్లో నలుగురున్నారు. కత్తి మీద చెక్కిన అక్షరాలు చూసి నలుగురూ ఒకే మాటన్నారు, చైనా మాల్ అని. కాదు, జపాన్ అన్నాడు వీడు. రెండింటికీ తేడా ఏమిటో చూపించమన్నారు వాళ్ళు. వాడు పావుగంట చూపించాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. బెల్లం కొట్టు గుమస్తా ఒకడు వెళ్తూ వెళ్తూ, చైనావాళ్ళు ఈమధ్య కత్తులు కూడా పంపుతున్నారన్నమాట అనుకుంటూ పోయాడు.

అప్పట్నించీ ఏడాదికి నాలుగైదు వచ్చేవి. కొన్ని మన కత్తుల్లాగే మడిచేవి. కొన్నిటికి మడత ఉండదు, పిడీ అలుగూ ఒకే ఇనపముక్క. పట్టుకునే చోట సన్నటి పేము చుట్టి ఉంటుంది. లోపల మెత్తటి ఇనుము, పదును దగ్గర గట్టి ఉక్కు, రెండూ కాల్చి అతికిస్తారు. మన కమ్మరి కొడవలికి ఉక్కు అతికినట్టే. నిజం చెప్పద్దూ, మంచి పనితనం. ఆ మాట నేను జాన్ బాబుతో ఎప్పుడూ అనలేదు. అంటే ఇంకో రెండు కాగితాలు చదివి వినిపిస్తాడు.

తీరా అన్ని కత్తులు తెప్పించి ఏం చేసేవాడంటే, చూసేవాడు. అంతే. బట్టలో చుట్టి, పెట్టెలో పెట్టి, తీసి, వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ చుట్టేవాడు. ఒక్కసారి కూడా ఒక్క గడ్డం గీయనివ్వలేదు. కనీసం నా గడ్డం నేను గీసుకుంటానురా అన్నా ఒప్పుకోలేదు, వేల్యూ పోతుందన్నాడు. పదును చూడాలంటే మాత్రం ఎడమ చేతి వెంట్రుకల మీద ఆడించేవాడు. లూర్దు మేరీ, వాడి భార్య, ఒకరోజు కొట్టుకొచ్చి నన్ను నిలదీసింది. ఆయన కుడి చెయ్యి మగాడి చెయ్యిలా, ఎడమ చెయ్యి బొచ్చు పీకిన కోడిలా ఉన్నాయనీ, చుట్టాలు ఇదేం జబ్బని అడుగుతున్నారనీ, దీనికంతా నేనే కారణమనీ. నేనేం చేశానమ్మా అంటే, నూరేది నువ్వే కదన్నయ్యా అంది.

అవును, నూరేది నేనే. ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి.

మా నాన్న కొండకర్లలో ఇంటింటికీ తిరిగి క్షవరం చేసినవాడు. నాకు మొదట నేర్పింది తల వెంట్రుక కొయ్యడం కాదు, కత్తి నూరడం. అటు పది, ఇటు పది. కత్తికి పక్షపాతం ఉండకూడదురా, రెండు వైపులా సమానంగా చూసుకోవాలి, లేకపోతే తిరగబడి నిన్నే కోస్తుంది అనేవాడు. పదమూడో ఏట నుంచి ఆ రెండు పదులూ నా చేతిలో ఉన్నాయి. ఒకప్పుడు శనివారం సాయంత్రం నా కొట్టు ముందు చర్చికెళ్ళేవాళ్ళు వరస కట్టేవారు. సత్తియ్య కత్తి పడితే చెంప మీద ఈగ వాలినట్టు కూడా ఉండదని పేరు.

తరవాత ఎయిడ్స్ బొమ్మలొచ్చాయి. ఆస్పత్రి గోడ మీద మనిషిబొమ్మ, పక్కన మంగలి కత్తి బొమ్మ, దాని మీద ఎర్రగా ఇంటూ మార్కు. తప్పని నేననను. జబ్బులు జబ్బులే. కానీ రెండేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో ఏ గడ్డమూ నా కత్తి కిందకి రాలేదు. అందరికీ సగం బ్లేడు కావాలి, అదీ వాళ్ళ కళ్ళ ముందే కాగితం విప్పి విరవాలి. కుర్చీలో కూచున్నవాడు నా మొహం చూడడు, నా చేతులు చూడడు, బ్లేడు కేసే చూస్తాడు. బ్లేడు విరవడం ఎవడికి రాదు? నా సానరాయి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చింది.

అలాంటి రోజుల్లో జాన్ బాబు ఆ కత్తులు పట్టుకొచ్చాడు. మంగళవారం సెలూనుకి సెలవు. షట్టరు సగం దింపుకుని, తలుపు దగ్గర రాయి తీసుకొచ్చి కడుక్కుని, నేను నూరుతుంటే వాడు ఎదురుగా స్టూలు మీద కూచుని పాఠాలు చెప్పేవాడు. వాడి పాఠాలకి పళ్ళు పటపటా కొరుక్కునేవాణ్ణి. అయినా ఆదివారం నుంచే మంగళవారం కోసం చూసేవాణ్ణి. ఈ సంగతి మా ఆవిడకి కూడా తెలీదు.

పదకొండో కత్తి దగ్గరే అసలు గొడవ. దాని కోసం వాడు ఎనిమిది నెలలు కాచుకున్నాడు. డెబ్భై ఏళ్ళ కిందటిదట, దాని మీద ముద్ర వేసిన కమ్మరి యుద్ధంలో పోయాడట, ఆ చేతి కత్తులు లోకంలో పాతిక కూడా ఉండవట. అవన్నీ ఇంటర్నెట్ చెప్పిన మాటలు, నిజమెంతో దేవుడికెరుక. కానీ కత్తిని అద్దం కింద పలక మీద పెట్టగానే నా కళ్ళు దాని మీదే నిలిచిపోయాయి. చేతిలోకి తీసుకుంటే చల్లగా, బరువు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండి, పిడి వేళ్ళలోకి తనంతట తానే ఒదిగింది.

ఒకటే లోపం. రెండు వైపులూ ఒకలా లేవు. ఒక వైపు గరిటెలా లోతుగా గుంట ఉంది. ముద్ర ఉన్న రెండో వైపు ఇంచుమించు బల్లపరుపు. పదును గీత మధ్యలో లేకుండా ఒక పక్కకి జరిగిపోయింది. ఎవడో చేతకానివాడు ఏళ్ళ తరబడి ఒక వైపే నూరి నూరి వంకర చేశాడనుకున్నాను. ఆ మాటే అన్నాను.

వాడు నవ్వి కాగితం తీశాడు. ఇంగ్లీషులో ఉంది. అది వంకర కాదనీ, వాళ్ళ పద్ధతే అదనీ, ముద్ర లేని వైపు పది సార్లు నూరితే ముద్ర ఉన్న వైపు మూడే సార్లు నూరాలనీ చెప్పాడు. నేను ఊఁ అన్నాను. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ ఊఁ అన్నాను. మూడోసారి నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు.

"బావా, ముద్దరున్నేపు మూడే. మర్సిపోకు."

"ఏటి మర్సిపోయేది? నాకు లెక్కలు రావనుకున్నావేటి?" అన్నాను.

మర్నాడే వాడు మూడు వారాల ట్రైనింగుకి హైదరాబాదు వెళ్ళాలి. వెళ్ళేముందు అసలు విషయం చెప్పాడు. విశాఖపట్నంలో దేవీప్రసాద్ గారని ఒక పెద్దాయన ఉన్నారు. ఓడల్లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. జపాన్ రేవుల్లో దిగినప్పుడల్లా ఒక్కొక్కటీ కొనుక్కుని నలభై కత్తులు పోగేశారు. సముద్రపు గాలికి వాటి పదునులు పోతున్నాయి. నూరేవాడి కోసం ఏళ్ళుగా వెతుకుతున్నారు, ఎవరి చేతికీ ఇవ్వడానికి మనసొప్పడం లేదు. జాన్ బాబుకి ఆయన ఇంటర్నెట్‌లోనే తగిలారు. నా సంగతి చెప్పాడు. రెండు నెలలు తిరగ్గానే ఒక మంగళవారం ఆయనే వచ్చి, నా పని చూసి, నచ్చితే నలభై కత్తులూ నా దగ్గర వదిలి వెళ్తారు.

నలభై కత్తులంటే నెలకి నాలుగు చేసినా ఇంచుమించు ఏడాది పని. అందరూ అక్కర్లేదన్న పని. ఆ రాత్రి నాకు అన్నం కూడా సరిగ్గా దిగలేదు, సంతోషానికి.

అందుకే చేశాను చేసిందంతా. ఆ పెద్దాయన వచ్చి ఈ వంకర చూస్తే నా గురించి ఏమనుకుంటాడు? ఓడ ఇంజినీరు, గీత గీసినట్టు కొలిచి చూసే మనిషి. నా కొట్లో ఉన్న కత్తి ఒక పక్కకి వాలి ఉంటే, సత్తియ్యకి నూరడం రాదనుకోడా? జాన్ బాబు చెప్పింది గుర్తు లేక కాదు. గుర్తుంది. కానీ వాడికేం తెలుసు, కాగితంలో రాసిందే వేదం వాడికి. కుక్క తోక వంకర ఎవడూ తియ్యలేడు గానీ కత్తి వంకర నేను తియ్యలేనా? ముద్ర ఉన్న వైపు గరుకు రాయి మీద పెట్టాను. రోజూ కొట్టు కట్టేముందు గంట సేపు. రెండు వైపులూ ఒక తీరుకి వచ్చేదాకా మూడు వారాలు పట్టింది. తరవాత సన్నరాయి, తరవాత తోలుపట్టీ. అటు పది, ఇటు పది. మా నాన్న చూస్తే మెచ్చుకునేవాడు.

ఇక ఆ కాగితమంటారా, మొదటి వారంలోనే నురుగు తుడవడానికి చింపేశాను. సెలూన్లో కాగితం చేతికి అందితే ఆగుతుందా?

జాన్ బాబు హైదరాబాదు నుంచి దిగి, సంచీ ఇంట్లో పడేసి సరాసరి కొట్టుకొచ్చాడు. కత్తి తీసి పలక మీద పెట్టాను. మనవాళ్ళం కత్తి చేతికియ్యం కదా, తీసుకుంటే జగడమంటారు. వాడు తీసుకున్నాడు.

"సాపు సేసేసేను బావా. వంకరంతా పోయింది సూడు," అన్నాను.

వాడు వెలుతురు దగ్గరికి వెళ్ళాడు. ముద్ర ఉన్న వైపు చూశాడు. తిప్పి చూశాడు. మళ్ళీ ముద్ర ఉన్న వైపు చూశాడు. చాలాసేపు వీపు నా వైపే ఉంది. తరవాత బాగుంది బావా అన్నాడు. అంతే. చేతి వెంట్రుకల మీద ఆడించి కూడా చూడలేదు. బట్టలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. టీ తాగాడు. మా అల్లుడికి నక్కపల్లి ట్రాన్స్‌ఫర్ అయిందా అని అడిగాడు. వెళ్ళిపోయాడు.

నాకు కోపం నషాళానికి అంటింది. మూడు వారాల పనికి ఒక్క మెచ్చుకోలు మాట లేదు. ఇంటర్నెట్‌లో ఎవడో తెల్లవాడు నూరి ఉంటే వీధంతా చాటింపు వేసేవాడు. పైగా ఆ తరవాత రెండు మంగళవారాలు రాలేదు. మూడోసారి వచ్చి, దేవీప్రసాద్ గారిని ఇప్పుడొద్దని చెబుతాను, వానలు తగ్గాక చూద్దాం అని నసిగాడు. వానలకీ కత్తులకీ సంబంధం ఏమిటి? నేను అరిచాను. నా చేతికి నాలుగు పనులు దొరకడం నీకిష్టం లేదా అని అడిగాను. నువ్వు ఆఫీసరువి, నేను మంగలిని, పెద్దవాళ్ళ ముందు నన్ను బావా అనడానికి సిగ్గేస్తోందా అని కూడా అనేశాను. వాడి మొహం చిన్నబోయింది. సర్లే, రమ్మంటాను అన్నాడు.

ఆయన రానే వచ్చారు. తెల్ల కారులో, వెనక సీట్లో టేకు పెట్టెతో. డెబ్భై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నారు. నా కళ్ళు ముందు గడ్డం కేసే పోతాయి కదా. ఆ వయసులో ముడతల మధ్య కూడా ఒక్క పోచ లేదు, ఒక్క గాటు లేదు. రోజూ కత్తితో తానే గీసుకునే చర్మం అది, చూస్తే తెలిసిపోతుంది. ఈయన మాట వినాల్సిన మనిషే అనుకున్నాను.

జాన్ బాబు ఒక్కో కత్తీ విప్పి చూపించాడు. మడిచే కత్తులు ఎనిమిది, పేము చుట్టినవి రెండు. అన్నీ నా చేతి మీదుగా పోయినవే. పేము చుట్టినవి రెంటికీ పదును చచ్చిపోలేదు కాబట్టి రాయి మీద పెట్టలేదు, తోలుపట్టీ మీద మటుకే తిప్పాను. ఆయన భూతద్దం పెట్టి చూశారు. ఒక కత్తి పదును దగ్గర చాలాసేపు ఆగి, మంచి చెయ్యండీ, ఇలాంటి చెయ్యి నాకు ఈ పాతికేళ్ళలో దొరకలేదు అన్నారు. ఆ మాటకి నేను ఒక జానెడు ఎత్తు పెరిగాను.

అప్పుడాయన ఆ పాత కత్తి ఏదని అడిగారు. ఫోటో చూసినప్పట్నించీ నిద్ర పట్టడం లేదన్నారు. ఇంట్లో మర్చిపోయానండీ అన్నాడు జాన్ బాబు.

"ఇంట్లో ఏటి, అదిగో సంచిలో దాని బట్ట కనపడతంది కదా," అన్నాను నేను.

జాన్ బాబు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ళ ముందుంది. అప్పుడు మటుకు నాకు చిరాకే వేసింది, ఇంత మతిమరుపేమిటని. నేనే సంచి లాగి, బట్ట విప్పి, కత్తి పలక మీద పెట్టాను.

ఆయన తీసుకున్నారు. ఒక వైపు చూశారు. తిప్పారు. భూతద్దం కూడా పెట్టలేదు. కత్తి మెల్లగా కింద పెట్టి కళ్ళజోడు తీశారు.

"ఎవరు చేశారిది?" అన్నారు.

కోపంగా అనలేదు. ఎవరో పోయారంటే అడిగినట్టు అడిగారు. నాకు అర్థం కాక నోరు తెరిచాను. ఈలోగా ఆయనే చెప్పుకుపోయారు. ఈ కత్తి రెండు వైపులా సమానంగా ఉండేది కాదు, చేసినవాడు కావాలనే అలా చేశాడు, ముద్ర ఉన్న వైపే గట్టి ఉక్కు ఉంటుంది, ఆ వైపు ముట్టీ ముట్టనట్టు నూరాలి. ఎవరో గరుకు రాయి పెట్టి ఆ ఉక్కు సగం తినేశారు. యాభై ఏళ్ళు వాడినా ఇంత అరగదు. ఇక దీన్ని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు.

అటు పది, ఇటు మూడు. అక్షరం పొల్లుపోకుండా జాన్ బాబు చెప్పిందే. మూడుసార్లు చెప్పాడు, చెయ్యి పట్టుకుని చెప్పాడు.

"నేనేనండీ," అన్నాడు జాన్ బాబు. "తెలీక రాయి మీద పెట్టేను. సత్తియ్య బావకి నూరడానికి ఇయ్యనే లేదు."

దేవీప్రసాద్ గారు తలూపారు. కొత్తవాళ్ళు చేసే తప్పేనని అన్నారు, కానీ గొంతులో బాధ దాచలేకపోయారు. కత్తి మంచివాడి చేతికి ముందే ఇచ్చి ఉంటే బాగుండేదని వాడికి నెమ్మదిగా చివాట్లు పెట్టారు. వాడు తల వంచుకుని అవునండీ, తప్పేనండీ అంటున్నాడు. ఎనిమిది నెలలు కాచుకున్న కత్తి పోయింది, పైగా చివాట్లు కూడా వాడే తింటున్నాడు. నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను.

ఆయన నా వైపు తిరిగి టేకు పెట్టె మూత తీశారు. నూనె బట్టల్లో వరసగా నలభై.

"సత్తియ్య గారూ, తొందరేం లేదు. మీకు వీలైనప్పుడే చెయ్యండి. ఇవి మీ దగ్గర ఉంటే నాకు నిశ్చింత," అన్నారు.

గారు అన్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆ కొట్లోకి ఎమ్మెల్యే బావమరిది వచ్చాడు, లాయర్లు వచ్చారు, మేష్టర్లు వచ్చారు. ఒరేయ్ అన్నవాళ్ళున్నారు, ఏమోయ్ అన్నవాళ్ళున్నారు. గారు అన్నవాడు లేడు.

పైనున్న కత్తి తీశాను. సన్నటిది, పేము పాతబడి తేనె రంగుకి తిరిగింది. పదును చచ్చిపోయి ఉంది. రెండు మంగళవారాలు పడుతుంది దీనికి, మూడో మంగళవారానికి పదును లేస్తుంది అని వేళ్ళు వాటంతట అవే లెక్కేసుకుంటున్నాయి. ఇప్పుడు నాకు పద్ధతి కూడా తెలిసింది, ఇక తప్పు చెయ్యను. నోరు మూసుకుంటే చాలు. జాన్ బాబు కూడా దూరంగా నిలబడి అదే అంటున్నాడు, కళ్ళతో.

ఎందుకు చెప్పానో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు. ఆయన గారు అనకుండా ఉంటే చెప్పేవాణ్ణి కాదేమో. కత్తి మళ్ళీ దాని బట్టలో పెట్టాను.

"బాబూ, ఆ కత్తి సాపు సేసింది నేను. ఈడు వద్దని మూడుసార్లు సెప్పేడు. నాకు తెల్సులే అని నేనే సేసేను," అన్నాను.

ఆయన జాన్ బాబుని చూశారు, నన్ను చూశారు. మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు అన్నారు. చాలాసేపు పెట్టె మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు, వదలాలా వద్దా అని ఆయన పడుతున్న అవస్థ మొహంలో కనబడింది. ఆఖరికి, ఇవి పోతే నాకు మళ్ళీ దొరకవు సత్తియ్య గారూ, ఏమీ అనుకోవద్దు అని మూత వేశారు. అప్పుడు కూడా గారు అనే అన్నారు. జాన్ బాబు పెట్టె మోసుకెళ్ళి కారులో పెట్టాడు.

కారు మలుపు తిరిగాక వాడు లోపలికొచ్చి షట్టరు పూర్తిగా దింపేశాడు. జాన్ బాబుకి కోపం రావడం నేను చిన్నప్పట్నించీ చూడలేదు. ఆరోజు చూశాను.

"నోరు మూసుకుంటే ఏటి పోయింది నీకు? నలభై కత్తులు బావా, నలభై! ఆయన కోసం ఏడాది తిరిగేను నేను. ఆయన నన్ను ఎదవననుకుంటే నాకేటి, రేపు మళ్ళీ ఆఫీసుకెళ్తాను. నీకు అదొక్కటే కదా ఉంది. అంతా ముగిసిపోయేక నిన్నెవడు సెప్పమన్నాడు?"

తెలిసే చేశాడన్నమాట. కత్తి చేతిలోకి తీసుకున్న ఆ మొదటి రోజే తెలుసు. తెలిసీ బాగుందన్నాడు, తెలిసీ రెండు మంగళవారాలు మొహం చాటేశాడు, నేను అన్న మాటలన్నీ పడ్డాడు. క్షమించమని అడగాల్సిన చోట నాకు పట్టరాని కోపం వచ్చింది.

"కత్తులు నీయి. కాయితాలు నీయి. ఆ ముసలాయన్ని తెచ్చింది నువ్వు. ఆ బ్లేడులొచ్చిన ఈ ఎనిమిదేళ్ళల్లో ఈ సేత్తో నా అంతట నేను సేసిన పని అదొక్కటే బావా, ఆ తప్పు. అది కూడా నువ్వే పట్టుకుపోతే నాకేటి మిగుల్తాది?"

వాడు స్టూలు మీద కూలబడ్డాడు. నేను ఏడవడం వాడు ఇంతకుముందెప్పుడూ చూడలేదు, ఎటు చూడాలో తెలీక పలక మీద కత్తి కేసే చూస్తూ కూచున్నాడు.